టెంకాయ చెట్టెక్కని సముద్రం

సేలం పక్కనున్న ధర్మపురి దాకా వచ్చిన సముద్రాన్ని రైల్వే స్టేషను దగ్గర ఆపి వెనక్కు పంపింది మా సోగత్తూరు బాల్వాడి టీచరు నంజమ్మ. కళ్లారా చూసినవాణ్ణి నేను. సరే, సముద్రం అన్నది కొంచెం ఎక్కువైంది. వచ్చింది దాని భయం మాత్రమే. కానీ ఆపిన మాట నిజం. రప్పించినవాణ్ణి నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

నంజమ్మకు అప్పుడు యాభై మూడేళ్లు. ఆయా ఉందని పేరేగానీ సగం రోజులు రాదు. వంట నంజమ్మదే. చంటిబిడ్డల తూకం, పోలియో చుక్కలకు ఇల్లిల్లూ తిరగడం, రాత్రింబవళ్లు నింపినా నిండని రిజిస్టర్లు, అన్నీ ఆమెవే. వీటి మధ్య ఎవరూ అడగని పని ఇంకొకటి పెట్టుకుంది. పొద్దున పొయ్యి ముందు రేడియోలో తమిళంలో విన్న వార్తలను పిల్లలకు ఇంటి తెలుగులో చెప్పేది. రోజూ రెండు: ఊరిది ఒకటి, దేశానిది ఒకటి. మాయాండి ఆవు ఈనింది. ఢిల్లీలో మంచుకు రైళ్లు నిలిచిపోయాయి. ఆ ఏడు మా జిల్లాను రెండు చేసినప్పుడు రాగిముద్దను తుంచి చూపించింది. పెద్ద ముక్క ఎవరిదని పిల్లలు కొట్టుకున్నారు.

"నీకెందుకమ్మా ఈ పాటు?" అన్నాను ఒకసారి.

"వీళ్ల అమ్మానాయనలు తెల్లారకనే సిమెంటు పనికి పోతారు మామా. ఇంకెవురు చెప్పేది వీళ్లకు?"

2004 చివర, సునామీ వచ్చిన మరునాడు, సముద్రం గట్టు దాటి ఇళ్లలోకి వచ్చిందని, చాలామంది పోయారని చెప్పి, పిల్లలను ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోబెట్టింది. అంతే.

ఆ సాయంత్రం నా నాలుగేళ్ల మనవరాలు మోనిష "తాతా, సముద్రం మన ఊరికీ వస్తుందా?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. కాన్వెంటులో సిస్టర్లు అందుకే నన్ను ఏడేళ్లు మోకాళ్ల మీద నిలబెట్టారు, ఫలితం లేకపోయింది. "సేలంలో బస్సెక్కింది. పొంగలి పండక్కి దిగుతుంది" అన్నాను. ఆ వారం అనకూడని మాట అది.

మరునాడు మోనిష దాన్ని బాల్వాడిలో ఊరి వార్తగా చెప్పింది. పిల్లలు దాన్ని ఇళ్లకు మోసుకుపోయారు. బాల్వాడి కాలువ పక్కన పల్లంలో ఉంటుంది, నీళ్లొస్తే ముందు మునిగేది అదే. గురువారానికి ఇరవై రెండు మందిలో ఏడుగురు మిగిలారు. తల్లులు పని మానుకుని పిల్లలను చంకన వేసుకుని కూర్చున్నారు. సోమవారం సూపర్‌వైజరు వస్తుంది. తలలు తగ్గితే ఈ బాల్వాడిని ఎత్తేసి పక్క ఊరు చెట్టికరై దాంట్లో కలిపేస్తామని ముందే చెప్పి ఉన్నారు.

నంజమ్మ వచ్చి మా అరుగు మీద కూలబడింది. తిట్టే ఓపిక కూడా లేదు.

"మామా, స్టేషను బోర్డులో ఊరి పేరు కింద ఒక నంబరు ఉంటుందే, అదేమి?"

"సముద్రం కంటే మన ఊరు ఎంత ఎత్తో అది. నాలుగు వందల మీటర్ల పైనే."

"ఇది మీ మాటా, నిజమా?"

"రైల్వే మాట."

"అయితే రేపు మీరూ రండి. పిలిచింది మీరే కదా. పంపేటప్పుడు కూడా ఉండండి."

శుక్రవారం రైలు చూపిస్తానని ఇల్లిల్లూ తిరిగి పంతొమ్మిది మందిని పోగుచేసింది. ఒక పాత చీరను పొడవునా వాళ్ల చేత పట్టించి ఎండలో గంటసేపు నడిపించింది. ఎల్లప్పన్ కొడుకు శక్తి నడవనని మొండికేస్తే వాణ్ణి ఎత్తుకుంది. పసుపుపచ్చ బోర్డు కింద నిలబడి ఆ నంబరు చూపించింది.

"ఒకదాని మీద ఒకటి ఇరవై టెంకాయ చెట్లు పెడితే ఎంతో, అంత ఎత్తులో ఉండాము మనము."

"సముద్రం టెంకాయ చెట్టు ఎక్కదా టీచర్?"

"కాళ్లుంటే కదరా ఎక్కేది."

"బస్సులో వస్తే?" అంది మోనిష.

నంజమ్మ నావైపు చూసింది. పిల్లలందరూ చూశారు.

"తాత ఊరికే చెప్పినాడు" అన్నాను. "అబద్ధము." డెబ్బై ఏళ్లలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"ఈ దినం ఊరి వార్త ఇదే" అంది నంజమ్మ. "మోనిష తాత అబద్ధం చెప్పినాడు."

"దేశం వార్త టీచర్?"

ఆమె శక్తిని ఇంకో చంకకు మార్చుకుంది. "అది మొన్న చెప్పిందే. అక్కడ వచ్చింది నిజము. వాళ్లకు మన మాదిరి ఎత్తు లేదు."

తిరుగు దారిలో ఇద్దరిని మోసింది. ఆ సాయంత్రం ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నచోటే కునికింది.

సోమవారం ఇరవై రెండు మందీ వచ్చారు. సూపర్‌వైజరు ముందు శక్తి రైలు కూత కూశాడు. ఎక్కడ విన్నాడని ఆమె అడిగింది. ఆర్డరు లేకుండా పిల్లలను గేటు దాటిస్తే ఉద్యోగానికే ముప్పు.

"టీవీలో, మేడం" అంది నంజమ్మ.

ఐదేళ్ల తర్వాత ఇదంతా రాసి, ఆమెకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి నేనే చదివి వినిపించాను. మోకాలు రుద్దుకుంటూ చివరిదాకా విన్నది.

"అంతా అబద్ధము మామా. నేను స్టేషనుకే పోలేదు. ఏ బిడ్డనూ ఎక్కడికీ తీసుకపోలేదు. నాకింకా రెండేళ్లు సర్వీసు ఉంది."