భీమిలి బట్టీలో పన్నెండు పళ్ళేలు

గోడల మీద, షాపు బోర్డుల మీద అక్షరాలు రాయడం నా పని. 2006 నాటికి మా చీపురుపల్లిలో కూడా ఫ్లెక్సీలు వచ్చేశాయి. నెలకి రెండు బోర్డులు దొరికితే గొప్ప. ఆ రోజుల్లో విజయనగరంలో ఒక గోడకి వలలు బాగుచేసే ముసలివాళ్ళ బొమ్మ చూశాను. కుంచెతో వేసింది కాదు, చెక్క మీద చెక్కి కాగితం మీద అద్దింది. చేసినావిడ పేరు జరీనా, ఉండేది భీమిలి అన్నారు. ఆవిడ పని దగ్గరుండి చూద్దామని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "గురువారం రండి. పొద్దున్న హార్బర్లో గీస్తాను, మధ్యాహ్నం బట్టీ తెరుస్తాను. కాలుతున్న మట్టిపళ్ళేలు పన్నెండున్నాయి, అదేరోజు హైదరాబాదు ప్రదర్శనకి వెళ్ళాలి," అన్నారు.

బుధవారం రాత్రి మద్దిలపాలెంలో మా మేనల్లుడి గదిలో పడుకుని, ఐదింటికి నలభై రూపాయల ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కి చేరాను. అప్పటికే చేపల వేలంపాట మొదలైంది. జరీనా గారు ఐస్ పెట్టెల మధ్య నిలబడి గీస్తున్నారు. యాభై దాటిన మనిషి. కళ్ళు పడవల మీదే ఉన్నాయి, కాగితం వంక చూడటం లేదు. చేపలమ్మే నూకాలమ్మ గంప దించుతూ, "ఏటే జరీనా, సేప కొనవు, ఊరికినే సూత్తావు. నన్ను లావుగా గీసినావంటే సూడు!" అంది.

"నువ్వు కదలకుండా నిలబడితే కదే సన్నగా గియ్యడానికి."

ఒక కాగితం మీద పడవ సగమే ఉంది. ఎందుకని అడిగాను.

"మిగతా సగం ఎల్లిపోయింది. ఇంటికెల్లి తలుసుకుని గీత్తే అది నా పడవ అవుద్ది, ఆల్ల పడవ కాదు."

ఎనిమిదింటికి జగదాంబ దగ్గర భీమిలి బస్సెక్కాం. టికెట్టు పదకొండు రూపాయలు, గంటంపావు ప్రయాణం. కుడివైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. ఆవిడ బస్సులో కూడా గీస్తూనే ఉన్నారు. కుదుపుకి గీత ఎటు పోతే అటు వదిలేశారు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. వన్‌టౌన్లో వాళ్ళ నాన్నగారు పెళ్ళికార్డులు వేసిన చేతి ప్రెస్సు అందులో ఉంది. విరగ్గొట్టిన పడవల పలకలు కొని, వాటి మీదే చెక్కుతారు. మేకు కన్నం వస్తే పూడ్చరు, అదీ అచ్చులో పడుతుంది. గీసిన బొమ్మనే మళ్ళీ చెక్క మీద, మళ్ళీ పచ్చి మట్టిపళ్ళెం మీద గీరుతారట. "కాయితం నా సేతిలో ఉంటాది, సెక్కా నా సేతిలోనే ఉంటాది. మట్టి ఒక్కటే, బట్టీలో పెట్టేక నా మాట ఇనదు," అన్నారు.

షెడ్డు అవతల ఉన్న బట్టీ గుమ్మానికి ఇటుకలు పేర్చి మట్టి మెత్తారు. సరుగుడు కట్టెతో కాల్చి, ముందురోజు పొద్దున్నే మంట ఆపేశారట. పాడైపోయిన బొమ్మ ఒకటి చింపి, ఆ ముక్కని ఇటుకల మధ్య వదిలిన కన్నంలోకి దూర్చి తీశారు. గోధుమరంగుకి మాడింది. వేడి మీద చల్లగాలి తగిలితే పళ్ళేలు పగులుతాయట, కాగితం మాడకుండా వస్తేనే తెరవాలి. ఒంటిగంటకి మాడింది. రెండింటికి మినీలారీ వచ్చింది, అప్పుడూ మాడింది. ఆవిడ ఒకచోట కూర్చోలేక షెడ్డుకీ బట్టీకీ మధ్య తిరుగుతున్నారు.

"అమ్మా, నాలుగు ఇటుకలు తియ్యడానికి ముహూర్తమేటి? మూడింటికి నాను కదిలిపోవాల," అన్నాడు డ్రైవర్ అప్పారావు.

"ఉండరా నాయనా," అని ఆవిడ అచ్చుబొమ్మలు లారీలో సర్దించడానికి గేటు దగ్గరికి వెళ్ళారు.

మా ఊరికి నాకు మద్దిలపాలెంలో ఐదున్నర బస్సు ఉంది. అంత దూరం వచ్చి పళ్ళేలు చూడకుండా వెళ్ళడం ఇష్టం లేదు. మా ఊళ్ళో ఇటుక బట్టీలో పనిచేశాను, అక్కడ సగం వేడి మీదే విప్పేస్తాం. ఆ ధైర్యంతో పైవరసలో రెండు ఇటుకలు లాగాను. మొహానికి సెగ కొట్టింది. లోపల టింగుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి.

గేటు దగ్గర ఆవిడకి వినిపించింది. పరుగున వచ్చి ఇటుకలు తిరిగి పెట్టి, తడిమట్టి మెత్తారు. "అప్పారావూ, కాయితాలు పట్టుకెల్లిపో. పళ్ళేలు ఈరోజు రావు," అన్నారు. చేతులు కడుక్కుని నాకు టీ ఇచ్చారు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఎన్ని మిగిలాయని అడిగాను.

"ఏడు. పైవరస మొత్తం పోయింది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని పట్టుకెల్తన్నాను."

"నా వల్లేనండి."

"మరి నా వల్లనా?" అని, "ఆ ఐదూ మళ్ళీ సెయ్యాల. మట్టి తొక్కడానికి మనిషి కావాల. వత్తారా?" అన్నారు.

వెళ్ళాను. మూడు వారాలు మట్టి తొక్కాను. ఆ గురువారం నాకంత తొందరేమిటని ఇప్పటికీ అనుకుంటాను. ఊళ్ళో రాయాల్సిన బోర్డు ఒక్కటీ లేదు. ఐదున్నర బస్సు పోతే ఏడింటికి ఇంకొకటి ఉంది. మట్టితో పనిచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలనుకునేవారు మంట ఆపిన మర్నాడు వెళ్ళకండి, మూడోనాడు వెళ్ళండి. తప్పనిసరై ముందే వెళ్తే, చేతులు జేబులో పెట్టుకోండి.