ఇంట్లోకి వచ్చిన చెలక

నా చిన్నప్పుడు ఇల్లు ఊడ్చిన మట్టిని వీధిలో పారబోసినందుకు వీపు మీద దెబ్బ తిన్నాను. దుమ్ము పారబోస్తే కూడా కొడతారా అని మా మనవరాలు నవ్వుతుంది. కొట్టింది మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి. ఆమె నా మీద చెయ్యెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

మాది కమాన్‌పూర్ దగ్గర ఒక పల్లె. ఊరి బయట మిట్ట మీద మాకు ఎర్ర చెలక, అంటే వానకు పండే మెట్ట చేను, ఉండేది. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. చెలకకు పడమర వైపు వెడల్పాటి గట్టు, దాని మీద నల్లమద్ది చెట్లు, వాటి కింద గడ్డి, తంగేడు పొదలు. వేసవి గాలులు ఆ వరస దాటుకొని వచ్చేసరికి సగం మెత్తబడిపోయేవి.

నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపుకి ఆశ ఎక్కువ. చెడ్డవాడని కాదు, ఇంతమంది పొట్టలు నింపాల్సినవాడి ఆశ అది. ఆ రోజుల్లో బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, పైకప్పు కూలకుండా చెక్క దుంగలు నిలబెట్టేవారు. వాటి కోసం చెట్లు కొనేవాళ్లు ఊళ్లు పట్టుకు తిరిగేవారు. నీడ పడి కంకి సరిగా పట్టడం లేదని బాపు మా చెట్లను కొట్టించి వాళ్లకు అమ్మేశాడు. చెట్లు లేని గట్టు ఎందుకని దాన్నీ దున్ని చెలకలో కలిపేశాడు. నాలుగు సాళ్లు ఎక్కువ వచ్చాయని ఎంత సంబరపడ్డాడో! బాపమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా ఆమె మాట వినేదెవరు? ఊరంతా అదే పని చేస్తోంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మరుసటేడూ అంతే. పొయ్యిలోకి పుల్ల లేక చెలకలో మిగిలిన జొన్న కొయ్యల్ని కూడా పీకి తెచ్చుకున్నాం. బాపు మాత్రం ఇవాళ పడుతుందేమో, రేపు పడుతుందేమో అని ఆ ఒట్టి నేలనే మళ్లీ మళ్లీ దున్నాడు. తన కష్టం చూసి మబ్బుకు జాలి కలుగుతుందనుకున్నాడో ఏమో. గడ్డలన్నీ నలిగి మట్టి పిండిలా అయింది. దాన్ని పట్టి ఉంచడానికి ఒక్క వేరు లేదు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం పడమర దిక్కంతా కమ్ముకొచ్చింది. వాన మబ్బే అనుకొని పిల్లలం వాకిట్లో గెంతాం. బాపు కూడా బయటికొచ్చి ఆకాశానికి దండం పెట్టాడు. వచ్చింది వాన కాదు, దుమారం. తలుపులు బిగించి, తడిగుడ్డలు ముక్కులకు అడ్డం పెట్టుకొని మూల కూర్చున్నాం. కుండలో నీళ్లూ మట్టే, ఉట్టి మీద అంబలీ మట్టే. చెల్లెలు దగ్గుతుంటే చచ్చిపోతుందేమోనని భయపడ్డాను.

గాలి తగ్గాక అమ్మ నా చేతికి చీపురిచ్చింది. ఊడ్చి గంపకెత్తి వీధిలో విసిరాను. అప్పుడు పడింది ఆ దెబ్బ.

"ఏం పారబోస్తున్నవే! గిది దుమ్మనుకున్నవా? మన చెల్క గిది. ఎత్తు, జల్ది ఎత్తు!"

తనే వంగి ఆ మట్టిని చేతులతో పోగుచేసింది. గంప నెత్తిన పెట్టుకొని చెలకకు నడిచింది. నేను ఏడుస్తూ వెనకే వెళ్లాను. అక్కడ సాళ్లు లేవు. ఎముకలు బయటపడ్డట్టు మట్టి కింది గరుకు మొరం తేలి ఉంది. ఒకప్పుడు గట్టున్న చోట బాపు కూలబడి ఉన్నాడు. బాపమ్మ గంప కుమ్మరించి, మరో గంప కోసం ఇంటికి మళ్లింది.

"ఎన్ని గంపలు పోస్తవే అవ్వా? మళ్ల గాలొస్తే పోదా?" అన్నాడు బాపు తన తల్లితో.

"పోతది. నాకెర్క లేదా? ఇంట్లకొచ్చినదాన్ని బయటికెట్ల నూకాలె బిడ్డా?"

పొద్దుగూకే దాకా ఇద్దరం మోశాం. కొన్నాళ్లకే వచ్చిన మరో గాలి ఆ కుప్పల్ని ఊడ్చుకుపోయింది. మేం మోసిన మట్టిలో ఒక్క గింజ మొలవలేదు.

తర్వాత వానలు పడ్డాయి. మొరం మీద ఎంత వాన పడితే ఏం లాభం? బాపు బాయి పనిలో చేరాడు, మేం గోదావరిఖని వచ్చేశాం. మొదటి షిఫ్టు చేసి వచ్చిన రోజు బాపు కంచం ముందు కూర్చొని చాలాసేపు ముద్ద ముట్టలేదు. "లోపట దుంగలన్ని నల్లమద్దియే అవ్వా. మన గట్టు మీదియే అనిపిచ్చింది" అన్నాడు. బాపమ్మ కొడుకు కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

మా చెలకలో మిగిలిన మొరాన్ని రోడ్ల కోసం తవ్వుకుపోయారు. ఇప్పుడక్కడ గుంత ఉంది. దాని పక్కనే మా తమ్ముడి కొడుకు కౌలుకు పత్తి వేస్తాడు. గట్లన్నీ చదును చేశాడు. పత్తి కట్టె చేలోనే కాల్చేస్తాడు, మండుటెండలో ట్రాక్టరు పెట్టి నేలను పిండి చేస్తాడు. వద్దురా అంటే, "గవన్ని పాత ముచ్చట్లు అత్తమ్మా" అంటాడు. మా బాపు పోలికే.

మొన్న వేసవిలో గోదావరిఖనిలోనూ దుమారం లేచింది. ఇంట్లో ఎర్రమట్టి పేరుకుంటే ఊడ్చి చాటలోకి ఎత్తాను. గడప దాకా వెళ్లి ఆగిపోయాను. ఈ వయసులోనూ ఆ మట్టిని పారబోయడానికి నాకు చెయ్యి రాదు. తీసుకెళ్లి కుమ్మరిద్దామంటే చెలక లేదు.