మా ఇంటిపేరు వెతికిన కండక్టర్

మా పెద్దనాన్న పోయాడని పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కన్నా ముందు ఒక హుకుం జారీ చేసింది. "ఆయన నల్లబ్యాగుల చిన్న నోటుబుక్కుంటది బిడ్డా. దాంట్ల ఉన్నోళ్లందరికీ ఫోన్లు కొట్టాలె. జల్దీ రా." చుట్టాలకు చెప్పమనలేదు. ఆ బుక్కులో మా చుట్టాలెవరూ లేరు. ఉన్నదంతా మా ఇంటిపేరు ఉన్న పరాయివాళ్లే.

పెద్దనాన్న భద్రాచలం నుంచి చర్ల వైపు తిరిగే బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పరిశోధన అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కానీ ముప్ఫై ఏళ్లు ఆయన చేసింది అదే. ఊరూరా తిరిగి మా ఇంటిపేరు వాళ్లను వెతికాడు. వాళ్ల పాత ఉత్తరాలు చూసి నకలు రాసుకున్నాడు. ముసలివాళ్ల మాటలు క్యాసెట్లలో పట్టుకున్నాడు. అసలు ఉత్తరం మాత్రం ఎవరిదీ తన దగ్గర ఉంచుకోలేదు, తానే పోయి తిరిగి ఇచ్చొచ్చేవాడు. "కార్డు వాళ్లది, ముచ్చట మనది" అనేవాడు.

దీనికంతటికీ మూలం మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పోస్టుకార్డు. మా తాతకు ఒక తమ్ముడుండేవాడట. ఎడ్ల దగ్గర అన్నతో మాటామాటా పెరిగి, దుమ్ముగూడెంలో ఇల్లు వదిలి, బొగ్గుబాయి పనికి పోయాడు. ఏ గని, ఏ ఊరు, ఎవరికీ తెలియదు. కొన్నేళ్లకు ఆ కార్డు వచ్చింది. "నేను రాను. నా పేరు చెప్పుకొని ఎవరొచ్చినా అన్నం పెట్టండి." అంతే. కింద అడ్రసు లేదు, పోస్టాఫీసు ముద్ర అలుక్కుపోయింది. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ ఎసట్లో ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసింది. ఎవరూ రాలేదు. పోయేముందు పెద్ద కొడుకుని పిలిచి, "వాళ్లు రాకుంటే నువ్వే ఎతకాలె రా" అంది. ఆ పిడికెడు అలవాటు కోడలికి, అంటే మా పెద్దమ్మకు వచ్చింది. వెతుకులాట పెద్దనాన్నకు వచ్చింది.

మొదట దొరికినవాడు బస్సులోనే దొరికాడు. టాపు మీదికి ఎక్కించిన ఒక ఇనప్పెట్టె మీద తెల్ల పెయింటుతో మా ఇంటిపేరు కనిపించింది. పెట్టె ఎవరిదంటే బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన లేచాడు, చర్ల దగ్గర అత్తగారింటికి పోతున్నాడు. పెద్దనాన్న టికెట్లు కొట్టడం మరిచి ఆయన పక్కన కూలబడ్డాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏందన్నా, చుట్టం దొరికిండా?" అని అరిచాడట. "అదే తెల్వాలె" అన్నాడు పెద్దనాన్న. తర్వాత సెలవు పెట్టి ఆయన ఇంటికే పోయాడు. ఆయన తాత కూడా గోదారి ఒడ్డు నుంచి వచ్చినవాడే. బాయిలో పెట్టుకున్న పేరే తప్ప సొంత పేరు, ఊరు మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గోదారి ఒడ్డంటే చిన్నదా!

అందరి దగ్గరా పని అంత సాఫీగా సాగేది కాదు. చర్ల అవతల ఒక ఇంటికి పోయి, కూచోగానే "మీ ఇంటిపేరేందమ్మా?" అని మొదలుపెట్టాడట. మన దగ్గర ఇంటిపేరుతో మాట మొదలుపెట్టేది పిల్లను చూడొచ్చినవాళ్లే కదా. ఆ ఇల్లాలు మజ్జిగ తెచ్చింది, కొత్త చాప పరిచింది, కూతురుకు చీర మార్పించింది. ఈయన సంబరంగా "మాదీ అదే ఇంటిపేరమ్మా!" అన్నాడు. ఆమె మొహం మాడిపోయింది. "అయితే అన్నదమ్ములైతరు గద, ఇంకేం మాట్లాడుడు! చాప తియ్యవే" అందట. ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దనాన్న ఆమె గొంతుతోనే చెప్పి, కళ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు.

గోదారి వరదకు మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన ఏడు మా కాలనీ అంతా బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని మెట్టకు పోతుంటే, ఈయన టిఫిన్ క్యారేజీలో ఉత్తరాల నకళ్లు కుక్కుకుని బయల్దేరాడు. పెద్దమ్మ దారి పొడుగునా దులిపేసింది. "ఆకలైతే ఆ కాయితాలు తింటవా?" ఆయన గిన్నెల మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంటూ నడిచాడు.

ఆయన రాసినవన్నీ కంప్యూటర్‌లో ఎక్కించింది నేనే. నాకు ఓపిక తక్కువ. ప్రతి కుటుంబం పేరు పక్కనా ఆయన పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టేవాడు. రుజువు దొరికితే చెరపాలని. ఒక్కటీ చెరిపింది లేదు. ఒకసారి విసుగొచ్చి అన్నాను, "ఆ బొగ్గుబాయి ఆయనే అని రాసేద్దాం పెద్దనాన్నా. గోదారి ఒడ్డంటున్నారు, ఇంటిపేరు కలిసింది, ఇంకేం కావాలి? నీ వెతుకులాట తీరుతుంది."

ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గట్ల రాస్తే నేను ఎతుకుడు ఆపుత బిడ్డా. అసలోళ్లు ఇంకెక్కడనో ఉంటే? ఆళ్లకు అన్నం ఎవరు పెడ్తరు?"

ఆ మాట తర్వాత నేను మళ్లీ అడగలేదు. కాగితం మీద అంత కచ్చితంగా ఉండే మనిషి కంచం దగ్గర మాత్రం ఏ లెక్కా చూసేవాడు కాదు. మా ఇంటిపేరు వాళ్లు ఎవరు కలిసినా తినిపోవడానికి ఇంటికి రమ్మనేవాడు. వాళ్లు మొహమాటపడి "మళ్లొస్తం లే" అనేవాళ్లు. ఒక్కరూ రాలేదు. ఆ దిగులు ఆయనకు ఉండేది. నాకు తెలుసు.

ఆయనకు పిల్లలు లేరు. తలకొరివి మా తమ్ముడే పెట్టాడు. పదోరోజు గోదారి ఒడ్డున కర్మ చేయించే అయ్యగారు "పాలోళ్లు ముందుకు రాండి, నీళ్లు వదలాలె" అన్నాడు. పాలోళ్లంటే ఒకే వంశంలో పుట్టినవాళ్లు, వాళ్లకే అది చెల్లు. మా నాన్న, తమ్ముడు నిలబడ్డారు. వాళ్ల వెనక నుంచి మూడో మనిషి వచ్చాడు. భుజాన తువ్వాల, అప్పటికే గుండు. ఇనప్పెట్టె ఆయన. నేను ఫోన్ చేసినప్పుడు "అట్లనా" అని పెట్టేసిన మనిషి.

అయ్యగారు ఆపాడు. "నువ్వేమైతవు?"

"ఏమైతనో ఆయనే తేల్చలే. ముప్ఫై ఏండ్లు ఎతికిండు. ఇంతగనం ఎతికినోడు నాకు పాలోడు కాకుంటే ఎవరైతడు?"

అయ్యగారు మా నాన్న మొహం చూశాడు. మా నాన్న ఇనప్పెట్టె ఆయన చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంటికొచ్చేసరికి పందిట్లో భోజనాలు సాగుతున్నాయి. మూల కూచున్న పెద్దమ్మ నన్ను పిలిచింది. పొద్దున నాతో చిన్న గిన్నెలో వేరే అన్నం వండించింది ఆమె, పిడికెడు ఎక్కువ పోయడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పి మరీ. "ఆ పెట్టె ఆయనకు పందిట్లది వద్దు. మన గిన్నెలది పెట్టు" అంది.

నోటుబుక్కులో ఆయన పేరు పక్కన పెన్సిలు గుర్తు అట్లాగే ఉంది. నేను చెరపలేదు, చెరిపితే పెద్దనాన్న ఒప్పుకోడు. ఇనప్పెట్టె ఆయన తలవంచుకుని నెమ్మదిగా తిన్నాడు. "ఇంకింత ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. ఉంది. గిన్నె వంచి, అడుగున అంటుకున్న మెతుకులు కూడా గరిటెతో గీకి ఆయన ఆకులో పెట్టాను.