ఆఖరి తలుపు దగ్గర మా ఖాలా

ఖాలా పోయిందన్న కబురు నాకు మా ఆటల గ్రూపులోనే తెలిసింది. గురువారం సాయంత్రం, మడికొండలో ఆఫీసు క్యాంటీన్‌లో టీ కప్పు పట్టుకుని ఫోన్ తెరిచాను. ఎవరో రాశారు: "మన ఖాలా ఇగ లేదు. దుకాణంల కుర్చీలనే పోయింది. చేతిల ఆట రిమోట్ అట్లనే ఉన్నదంట. టీవీ నడుస్తనే ఉన్నదంట."

మనిషి పోయిందని తెలిస్తే ఎవరికైనా ముందు ఏడుపు వస్తుంది. నాకు రాలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ముందు భయం వేసింది. ఆమె చేతిలో ఉన్నది ఏ ఆటో నాకు తెలుసు. అది తెచ్చిపెట్టింది నేనే. రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేసిన మనిషికి నేను తెచ్చింది దయ్యాల ఆట.

మీకు ఖాలా తెలియదు కదా, ముందు ఆమె గురించి చెప్పాలి. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; మా గ్రూపుకంతా ఆమె పిన్నే. మట్టెవాడలో ఒక సన్నటి సందు, ఆ సందులో ఒక వీడియో గేముల దుకాణం. పెట్టింది ఆమె భర్త. ఆయన పోయాక అందరూ దుకాణం ఎత్తేస్తారనుకున్నారు. ఖాలా నలభై రోజులు ఇంట్లో కూర్చుని, నలభై ఒకటో రోజు వచ్చి షట్టర్ ఎత్తింది. అప్పటికి ఆమెకు రిమోట్ ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. ఏడాది తిరిగేసరికి చిన్న స్క్రూడ్రైవర్‌తో రిమోట్ విప్పి, లోపల దుమ్ము ఊది, బటన్ కింద రబ్బరు ముక్క మార్చి, మళ్లీ బిగించేది. చేస్తున్నంతసేపూ ఆ రిమోట్‌ను తిడుతూ ఉండేది. ఆమె రిమోట్‌కు క్రాస్ గుర్తున్న బటన్ అరిగిపోతే దాని మీద దెబ్బకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించుకుంది. కొత్తది కొనుక్కో అంటే, నీ ముక్కు అరిగితే కొత్తది కొంటవా అనేది.

ఆ దుకాణం చుట్టూ పుట్టిందే మా గ్రూపు. ఇరవై, పాతిక మందిమి ఉంటాం. నెక్కొండ నుంచి ప్యాసింజర్ బండి ఎక్కి వచ్చే తమ్ముడొకడు, బట్టల దుకాణంలో పనిచేసేవాళ్లు ఇద్దరు, స్కూలు టీచరొకాయన, నాలాంటి కంప్యూటర్ కూలీలు. ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం దుకాణంలో కూర్చుని ఆ ఏడాది మాకు బాగా నచ్చిన ఆటలకు ఓట్లు వేస్తాం. కార్టన్ అట్ట వెనక మార్కర్‌తో జాబితా రాసి గోడకు కొడతాం. మామూలు ముచ్చటే. కాకపోతే మా జాబితా బయటివాళ్లు చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. ఖాలాకు ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు, గుర్తూ ఉండవు. ఏ ఆటకైనా ఆమె పెట్టిందే పేరు. గుడ్లగూబ ఉత్తరాల ఆట. ఒక్క లైటు బస్సు ఆట. తేనెటీగల పంచాయితీ. కోట్లు పెట్టి చేసిన ఆటలు మా గోడ మీదకు వచ్చేసరికి ఇట్లా తయారయ్యేవి. మేమూ ఆ పేర్లతోనే పిలిచేవాళ్లం.

ఓటుకు ఒక్కటే షరతు, అదీ ఖాలా పెట్టిందే. ఆఖరు చూడని ఆటకు ఓటు లేదు. సగం ఉడికిన కూరలో ఉప్పు సరిపోయిందని ఎట్లా చెప్తావని అడిగేది. సాక్ష్యం అడిగేది కాదు. కళ్లలోకి చూసి, ఆఖరు చూసినవా అనేది, అంతే. ఒకసారి స్కూలు టీచరు చూడకుండానే చూశానన్నాడు. మరునాడు పొద్దున్నే వచ్చి తన చీటీ తనే వెనక్కి తీసుకున్నాడు.

ఆ షరతుకు మొదట బలైంది ఆమే. అన్ని ఆటలూ మొదలుపెట్టేది, గిరాకీ రాగానే లేచేది. ఒక్కటీ పూర్తి కాలేదు. అందుకని ఏటా తన చీటీ ఖాళీగా మడిచి డబ్బాలో వేసి, "నాది వచ్చే ఏడు" అనేది. ఆ మాట ఎన్నేళ్లు విన్నామో లెక్క లేదు.

పోయిన వానాకాలంలో నేనా ఆట తీసుకుపోయాను. అందులో ఆడేది మనం ఒక ముసలామెగా. భుజాన శాలువా, చేతిలో దీపం. పెద్ద చీకటి ఇల్లు, గది తర్వాత గది. దీపం వెలిగించేదాకా వెనక ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడుస్తుంటారు. కనిపించరు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ముసలామెను చూడగానే ఖాలా మొహం వెలిగింది. నా ఈడుదే అంది. అంధేరా ఇల్లు, అంటే చీకటి ఇల్లు, అని పేరు కూడా అప్పుడే పెట్టేసింది. పక్కనే ఉన్న ఆమె కోడలికి మాత్రం నచ్చలేదు. ఆమెను మేమంతా భాభీ, అంటే వదిన, అంటాం. అమ్మీ గుండెకు ఇలాంటివి వద్దు, డాక్టరు టెన్షన్ వద్దన్నాడు అంది. నేను నవ్వాను. "ఏం కాదు భాభీ, ఆటే కదా" అన్నాను. ఆ మాటలు ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా వినిపిస్తున్నాయి.

నా డ్యూటీ సాయంత్రం మొదలవుతుంది కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీ. మధ్యాహ్నపు జోహర్ నమాజు అయ్యాక దుకాణంలో గిరాకీ ఉండదు. షట్టర్ సగం దించి ఇద్దరం కూర్చునేవాళ్లం. "భయం ఆట ఒక్కరే ఆడొద్దు" అనేది ఖాలా. తను ఆడుతుంటే నేను పక్కన ఉండాలి. చెప్పుల చప్పుడు మొదలుకాగానే ఎడమచేత్తో నా చున్నీ అంచు పట్టుకునేది. ఒంటిచేత్తో ఆడితే ముసలామె గోడలకు గుద్దుకునేది. ఖాలా పడీ పడీ నవ్వేది, మళ్లీ భయపడేది. నేను అంతకంటే పిరికిదాన్ని. కాకపోతే బయటపడను. ఆమెకు అది తెలుసు.

ఒకరోజు నా వైపు చూడకుండానే అంది: "భయమైతే భయమైతాందని చెప్పాలె బిడ్డా. చెప్తే సగం పక్కోళ్లు మోస్తరు."

ఆ రోజుల్లో మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. ఆ మధ్యాహ్నం ఖాలాకు చెప్పాను. ఆమె ఆట ఆపి అంతా విన్నది. ఏం కాదు, ఫికర్ చెయ్యకు అనలేదు. నాక్కూడా భయమైతాందే అని, లేచి చాయ్ పెట్టుకొచ్చింది.

డిసెంబరులో ఒక మంగళవారం ఆఖరి తలుపు దగ్గరికి వచ్చాం. గోధుమరంగు తలుపు, ఇత్తడి గొళ్లెం. దాని అవతల ఏముందో మా ఇద్దరికీ తెలియదు. ఖాలా నావైపు తిరిగింది. ఇయ్యాల వద్దు, గుండె దడ దడ అంటాంది అని రిమోట్ పక్కన పెట్టింది. ఇది అయిపోతే ఈ ఏడు నా ఓటు పడుతుంది అని చిన్నపిల్లలా మురిసింది.

గురువారం పన్నెండింటికి వాయిస్ మెసేజ్ పంపింది: "ఇయ్యాల వస్తవా బిడ్డా? నేను తలుపు కాడ్నే ఉన్న."

ఆ రోజు మీటింగని మమ్మల్ని పొద్దున్నే పిలిచారు. బల్ల కింద ఫోన్ పెట్టి, రేపొస్త ఖాలా అని టైపు చేశాను.

సాయంత్రానికి ఆ కబురు.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. నేను రానన్నాక ఆమె ఒక్కతే ఆడిందా? ఒక్కతే ఆ తలుపు తెరిచిందా? అవతల ఉన్నదాన్ని చూసి, పట్టుకోవడానికి పక్కన చున్నీ అంచు లేక, ఆ గుండె ఆగిపోయిందా? తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక్కో తలుపు దాటగానే ఆట తనంతట తనే గుర్తు పెట్టుకుంటుంది. ఆట పెట్టగానే ఆఖరుసారి ఎక్కడ ఆపామో ఆ బొమ్మ, కింద తేదీ కనిపిస్తాయి. ఖాలా తలుపుకు ఇవతల ఉందా అవతల ఉందా, ఒక్క చూపులో తేలిపోతుంది. అందుకే ఆ సందులోకి పోవాలంటే నా కాళ్లు రాలేదు. ఖాలాను మట్టికి తీసుకుపోయే ముందు వాళ్ల ఇంటికి పోయాను. ఆడవాళ్ల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. భాభీ ఒకసారి నావైపు చూసింది. నేను తల దించుకుని, ఆమె లేచేలోపు వచ్చేశాను.

పదిహేను రోజుల తర్వాత భాభీయే ఫోన్ చేసింది. ఆ పేరు చూసి మూడుసార్లు మోగనిచ్చి ఎత్తాను. ఆదివారం ఓట్లు ఆపొద్దు, అమ్మీ ఉన్నప్పటి లెక్కనే జరగాలి అంది. తర్వాత ఒక్క నిమిషం ఆగి, నువ్వు అందరికంటే ముందు రా, పని ఉన్నది అంది. ఏం పని అని అడిగే ధైర్యం లేకపోయింది. రెండు రోజులు నిద్ర లేదు. ఆమె నన్నేమంటుందో, నేనేం జవాబు చెప్పాలో, నడుస్తూ కూడా లోపల లోపల అప్పజెప్పుకున్నాను.

షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ఖాలా కుర్చీ, దాని మీద కుట్లు ఊడిన దిండు. భాభీ చాయ్ ఇచ్చింది. నేను తాగలేదు. అప్పజెప్పుకున్నదంతా పోయి ఒక్కటే వచ్చింది నోటికి: "భాభీ, ఆ ఆట నేనే తెచ్చిన. మీరు వద్దన్నరు."

భాభీ కుర్చీ మీది దిండు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం అమ్మీని ఒక్కదాన్నే వదిలి బట్టలు తీయడానికి మేడ మీదకు పోయిందట. పక్కింటామెతో మాటల్లో పడి అరగంట ఉండిపోయిందట. దిగి వచ్చేసరికి అయిపోయింది. టీవీలో ఏముందో చూడకుండా స్విచ్ కట్టేసి దుకాణానికి తాళం వేసిందట.

"నాకు గూడ నీ భయమే," అంది. "ఒక్కదాన్ని చూడలేక నిన్ను పిలిచిన."

ఇద్దరం పక్కపక్కన కూర్చుని టీవీ పెట్టాం. తెర నల్లగా ఉన్నంతసేపూ అందులో మా ఇద్దరి మొహాలే కనిపించాయి. బొమ్మ వచ్చింది. గోధుమరంగు తలుపు, ఇత్తడి గొళ్లెం. దీపం పట్టుకున్న ముసలామె వీపు. తలుపు మూసే ఉంది. కింద తేదీ మంగళవారానిది.

ఆమె తెరవలేదు. మంగళవారం నేను లేచి వచ్చాక ఆ ఆటను ముట్టనే లేదు. భాభీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు రావలసిన ఏడుపు కూడా ఇన్ని రోజుల తర్వాత అప్పుడొచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది. కానీ భాభీ లోపలికి పోయి ఖాలా ఫోన్ తెచ్చింది. అందులో నేను పంపిన మాట తెరవకుండా అట్లాగే ఉంది. ఖాలాకు చదవడం రాదు. ఆమెకు ఏదైనా చెప్పాలంటే వాయిస్ పంపాలని మా గ్రూపులో ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు. మీటింగులో నోరు తెరవలేక టైపు చేశాను. ఆమె రిమోట్ చేతిలో పెట్టుకుని, టీవీ వేసుకుని, నేను వస్తానని కూర్చుంది. భాభీ నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ చల్లారింది, మళ్లీ పెడతానని లేచింది.

పదకొండింటికి అందరూ వచ్చారు. ఓట్లు పడ్డాయి. ఈ ఏడు మొదటిది ఒక్క లైటు బస్సు ఆట, రెండోది గుడ్లగూబ. నెక్కొండ తమ్ముడు అట్ట మీద రాస్తూ కొత్త ఆటకు ఖాలాలా పేరు పెట్టబోయి, కుదరక, మార్కర్ నా చేతికిచ్చి బయటకు పోయి నిలబడ్డాడు. ఆఖరున భాభీ ఒక చీటీ తీసింది. అంధేరా ఇల్లు అని రాసింది. అమ్మీ ఓటు అంది.

ఆఖరు చూడని ఆటకు ఓటు లేదు. చూడాలంటే ఆట ముందుకు పోవాలి. ముందుకు పోతే ఖాలా నిలబడ్డ చోటు చెరిగిపోతుంది, ఎక్కడ ఆపామో చెప్పే గుర్తు ఆ ఆటలో ఒక్కటే ఉంటుంది. టీచరు గారు అట్లాగే ఉంచుదాం, ఏటా చూసుకోవచ్చు అన్నారు. నేను గట్టిగా తల ఊపాను. చెరిగిపోతుందనే బాధ నిజమే. కానీ అసలు సంగతి, ఆ తలుపంటే నాకు ఇంకా భయం.

భాభీ నా వైపే చూసింది. "ఎన్ని దినాలు నిలబెడ్తవే ముసలామెను ఆ తలుపు ముంగట? కాళ్లు గుంజుతయి."

రిమోట్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బొటనవేలి కింద ప్లాస్టర్ ముక్క గరుకుగా తగిలింది. నాకు భయమైతాంది అన్నాను, అందరి ముందూ, పైకే. నెక్కొండ తమ్ముడు లోపలికి వచ్చి షట్టర్ సగం దించాడు. భాభీ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను బటన్ నొక్కాను. ఇత్తడి గొళ్లెం కదిలింది, వెనక ఎక్కడో చెప్పుల చప్పుడు మొదలైంది. భాభీ నా చున్నీ అంచు పట్టుకుంది.