కూలగొట్టనీకి కట్టిన ఇల్లు

నాకు బుద్ధి ఉంటే ఆ పని బాపుకు చెప్పకపోదును.

మాది గౌడవెల్లి. మేడ్చల్ల ఒక బడిల డ్రాయింగ్ టీచర్‌ని. పోయిన ఎండకాలం పట్నంల జరిగే ఒక ప్రదర్శనకు నా బొమ్మ ఒకటి తీసుకుంటమన్నరు. నా జిందగీల గదే మొదటిసారి. ఏం జెయ్యాల్నో నాకు ముందే ఎరుక. యుద్ధంల కూలిపోయిన ఒక దూరదేశపు నగరం ఫోటో ఫోన్ల చూసిన కాడ్నుంచి అది నన్ను ఇడుస్తలేదు. ఒక ఇంటికి ముందటి గోడ మొత్తం పోయింది. లోపల వంటింట్ల అర మీద గిన్నెలు మాత్రం బోర్లించినయి బోర్లించినట్టే ఉన్నయి. గసోంటి ఇల్లు మోకాలెత్తు కట్టి, ముందటి గోడ కూలగొట్టి, మిగిలిందే చూపెట్టాలె అనుకున్న.

కట్టుడు నాకు రాదు. బాపు మేస్త్రీ. నాగారంల, లాల్‌గడి మలక్‌పేట్ల ఎన్ని ఇండ్లు ఆయన చేతి మీద లేచినయో ఆయనకే తెల్వదు. మోకాళ్లు పోయినంక రెండేండ్ల సంది ఇంట్లనే కుర్చీల కూసుంటుండు, టీవీ రిమోట్ పట్టుకొని అందరి మీద కస్సుబుస్సుమనుకుంట. ఆ ఫోటో చూపెట్టి, ఇల్లు కూలగొట్టనీకే అని మొదటి రోజే చెప్పిన. "సరే తియ్" అన్నడు.

అగ్గిపెట్టెల మట్టి కూరి ఇటుకలు చేసిండు. పిడకల మంటల కాల్చిండు. "జర కచ్చగ కట్టు బాపు, జల్దీ పలగాలె" అన్న. తాపీ కింద పెట్టి నా దిక్కు చూసిండు.

"కచ్చగ కట్టుడు నాకు రాదు బిడ్డా. గట్లనే కావాల్నంటె ఇంకొకణ్ణి చూస్కో."

దారం గుంజి, గోడ నిలువు చూసుకుంట వారం రోజులు కట్టిండు. పొద్దుగాల, మాపటికి చెంబుతోని గోడలకు నీళ్లు కొడుతుండె. నేను మర్చిపోయి తడి ఆరితె నన్ను తిడుతుండె. చిక్కుడు గింజలంత గిన్నెలు నేను చేసి అర మీద పెట్టిన. అమ్మ ఊకుంటదా, అగ్గిపుల్లంత గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. మీ ఇద్దరికి పిచ్చి లేసిందా అని కొట్లాడిన గని, లోపల మస్తు సంబురమైంది. బాపు పాట పాడుకుంట పనిజేసుడు చూడక ఎన్నొద్దులాయె.

తెల్లారితె బొమ్మను పట్నం తీస్కపోనీకి బండి వస్తదనంగ, సుత్తె పట్టుకొని వాకిట్ల నిలబడ్డ. నా చెయ్యి లేస్తలేదు. కొడితె ఈ మనిషి మల్ల ఆ కుర్చీల పడిపోతడని భయం. కొట్టకపోతె నా బొమ్మ లేదు.

"వద్దు తియ్ బాపు. గిట్లనే ఉంచుకుందాం. వాళ్లకు రానని చెప్త" అన్న.

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఇటు తే" అని సుత్తె గుంజుకున్నడు. నొప్పికి పండ్లు బిగవట్టి కింద కూసున్నడు. వంగి, ఆ చిన్న దర్వాజ కాడ నోరు పెట్టి కేకేసిండు. "లోపల ఎవలన్న ఉన్నరా? బయటికి రాండ్రి, కొడుతున్న."

నాకు నవ్వొచ్చింది. "ఏంది బాపు గిది?"

"పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మూడుసార్లు పిలవాలె బిడ్డా. పిల్లలు ఆడుకుంటుండొచ్చు, మూలకు పిల్లి ఈని ఉండొచ్చు. పిలవకుండ నేనెన్నడు దెబ్బెయ్యలే."

మల్ల రెండుసార్లు పిలిచిండు. పిలిచినప్పుడల్ల ఆగి, చెవి పెట్టి ఇన్నడు. తర్వాత అర మీది గిన్నె ఒక్కటి కదలకుండ, నాలుగు దెబ్బలల్ల ముందటి గోడ పడగొట్టిండు. నేను ఆయన ముఖమే చూస్తున్న. బాధపడుతున్నడేమో, తిడుతడేమో అని. దుమ్ము సద్దుమణిగినంక కూడ ఆయన లేవలే.

"గా ఊర్ల బాంబులు ఏసేముందుగాల, ఎవలన్న గిట్ల పిలిచిండ్రా బిడ్డా?" అని అడిగిండు.

దుమ్మంటిన ఆయన చెయ్యి పట్టుకొని పక్కన కూసున్న.