కాల్పులకు ముందు

షూటింగు అయిన మర్నాడు పొద్దున్నే తుపాకులు శుభ్రం చేయాలి. జగిత్యాలలో మా కంపెనీ తీసుకున్న గదిలో కూర్చుని గొట్టంలోంచి గుడ్డను లాగితే నల్లగా మసి వస్తుంది. కాలిన మందూ నూనే కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. అది తగిలిన ప్రతిసారీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ వాసనను నాకు పరిచయం చేసిన సాల్మన్ సార్ గుర్తొస్తారు. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు.

మాది సిరిసిల్ల. మా నాన్నకు మరమగ్గాల విడిభాగాలు సరిచేసే చిన్న లేత్ దుకాణం ఉండేది. నాన్న తర్వాత దాన్ని నేనే నడిపాను. ఒకరోజు పొడుగ్గా, తెల్ల చొక్కాలో ఒక పెద్దాయన ఇనుప పెట్టెను ఆటోలో వేసుకొచ్చారు. మూత బందు విరిగింది, బాగు చేయాలన్నారు. చేశాను. పని అయ్యాక అయస్కాంతంతో నేల మీది ఇనుపరజనంతా ఎత్తుతుంటే ఆయన కదలకుండా చూస్తూ నిలబడ్డారు.

"గదెందుకు బిడ్డ? ఊడిస్తే సరిపోదా?"

"పక్కింటి పిల్లలు ఉత్త కాళ్లతోనే తిరుగుతరు సార్. ఊడిస్తే కొంచెం మిగుల్తది."

ఆయన మెల్లగా తల ఊపారు. తన పేరు సాల్మన్ అని, పోలీసు ఆయుధాగారంలో పనిచేసి రిటైరయ్యానని, ఇప్పుడు సినిమాలకు తుపాకులు సమకూర్చే ఒక హైదరాబాదు కంపెనీకి ఈ వైపు పనులు చూస్తున్నానని చెప్పారు. నన్ను సహాయకురాలిగా రమ్మన్నారు. నాకు తుపాకులంటే భయమన్నాను. "మంచిదే. భయమున్నోళ్లే కావాలె నాకు. లేనోళ్లు మస్తుమంది దొరుకుతరు" అన్నారు. అప్పటికి దుకాణం సరిగా నడవడం లేదు. నెల తిరిగేసరికి ఆయన దగ్గర చేరాను.

మొదటి పాఠం జగిత్యాలలో ఆయన ఇంటి పెరట్లో. మా దగ్గర ఉండేవి ఆటోమేటిక్ తుపాకులు. అసలు తుపాకిలో గుండు బయటికి దూసుకుపోతున్నప్పుడు పుట్టే ఒత్తిడితోనే తర్వాతి తూటా దానంతట అది ఎక్కుతుంది. ఉత్త తూటాలో మందే తప్ప గుండు ఉండదు. అందుకని ఒత్తిడి లోపలే నిలిచేట్టు కంపెనీవాళ్లు, అనుమతి పత్రాలున్న చోట, తుపాకిని మార్చి పంపుతారు. అలా మార్చినది మళ్లీ నిజమైన గుండుకు పనికిరాదు. ఇంక ప్రమాదం లేనట్టేనా అని అడిగాను. సార్ దండెం మీది పాత తువ్వాలను మోకు కట్టిన గుంజకు తగిలించి, దగ్గరగా ఒక్కటి కాల్చారు. చెవులు గింగురుమన్నాయి. తువ్వాలకు మధ్యలో చిల్లు పడి, అంచులు కాలి పొగలొస్తున్నాయి.

"గుండు లేదన్నట్టే గాని, నిప్పున్నది, గాలున్నది. మనిషి గీడ ఉంటే ఏమైతుండె?"

ఆ తువ్వాలను ఆయన పారేయలేదు. కొత్తగా ఎవరు తుపాకి పట్టుకున్నా ముందు దాన్ని చేతికిచ్చి చూడమనేవారు. నటుల్లో చాలామంది నవ్వుతూ తీసుకుని, నవ్వు ఆపి తిరిగిచ్చేవారు.

ఆయనకు మరో అలవాటుంది. షూటింగు ఏ ఊళ్లో జరిగినా కాల్పులకు ముందు చుట్టుపక్కల ఇళ్లకు తానే నడిచి వెళ్లేవారు. గడప దగ్గర నిలబడి, "ఇంకొంచెంసేపట్ల పెద్ద చప్పుళ్లైతయి. సినిమా తుపాకులు, ఉత్తవే. భయపడకుండ్రి. పసిపిల్లలున్నరా? గుండె జబ్బోళ్లున్నరా?" అని అడిగేవారు. మైకులో చెప్పిస్తే సరిపోదా అని నేనూ ఒకసారి అన్నాను. "మైకు చెప్తది. అవతలోళ్లు చెప్పేది ఇంటదా?" అన్నారాయన. ఉద్యోగం మిగిల్చిన అలవాటేమో అనుకున్నాను. అది ఎక్కడ మొదలైందో కోరుట్ల దాటాక ఒక ఊళ్లో తెలిసింది.

ఆ సినిమా వెనకటి రోజుల గురించి. అడవి దారి పట్టిన యువకులను పోలీసులు చుట్టుముట్టి కాల్చే దృశ్యం. సాయంత్రం వెలుతురు తగ్గుతోంది. దర్శకుడు తొందరపడుతున్నాడు. ఊరి చివర ఇంకొక్క ఇల్లు మిగిలిందని సార్ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. పెంకుటిల్లు. వాకిట్లో ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. పేరు లచ్చవ్వ అని తర్వాత తెలిసింది. సార్ ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టారు. ఆమె చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

"ముందుగాల చెప్పనీకి అచ్చిండ్రా?" అంది.

"అవునవ్వా."

"అప్పుడు ఎవ్వలు చెప్పలే కొడుకా. నా పిలగాడు బువ్వ తిననీకి ఇంటికచ్చిండు. తిని చెలకల పొంటి పోతుండంగ కాల్చిండ్రు. ముందుగాల చెప్తే, కాళ్లు వట్టుకోనన్న ఆపుకుందు."

ఏ చెలకో, ఊరవతలి మెట్టపొలం వైపు ఆమె చెయ్యెత్తి చూపించింది. సార్ అటు చూశారు. తర్వాత చెప్పులు వదిలి ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అవ్వా, నేను పోలీసోన్ని. గప్పుడు తుపాకులు ఇచ్చుడు, తీసుకునుడు నా పని. ఈ ఊరికి పోయినయి నేనే ఇచ్చిన. మల్ల తెచ్చినంక నేనే కడిగిన. ఏడికి పోతున్నయని నేనడగలే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కోపం ఉంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. గొంతు పెంచకుండానే అంది: "నువ్వు తుపాకులు కడిగినవు. నేను పిలగాన్ని కడిగిన."

సార్ తల వంచుకున్నారు. ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది. దర్శకుని మనిషి బైకు మీద వచ్చి, ఆలస్యమవుతోందని కేకలేశాడు. సార్ తల ఎత్తి, "అవ్వా, నిన్ను మెట్‌పల్లి దిక్కు ఏడికన్న తీస్కపోత. లేదంటే కాల్చుడే బందు పెట్టిస్త. నువ్వెట్లంటే గట్ల" అన్నారు. కాల్పులు ఆపిస్తే ఆయన ఉద్యోగం పోవడం ఖాయం.

లచ్చవ్వ చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. "యాడికి పోను? కానియ్యుండ్రి. గని ఈసారి ఒక్కదాన్నే ఉండ. నువ్వు గీడ కూసో."

సార్ నడుముకు ఉన్న తుపాకుల పెట్టె తాళాల గుత్తి విప్పి నా చేతిలో పెట్టారు. "పో బిడ్డ. ఇయ్యాల నువ్వే చూసుకో. ఎవ్వలెంత అరిచినా, నీకు బాగలేదనిపిస్తే ఆపు" అన్నారు.

అంతవరకు నేను ఆయన నీడలోనే పనిచేశాను. ఒక్కొక్క తుపాకీ విప్పి చూసి, నటుల మధ్య దూరం సరిచూసి, వెనక్కి జరిగి సైగ చేశాను. కాల్పులు మొదలయ్యాయి. మధ్యలో ఒక కుర్ర నటుడి తుపాకి ఇరుక్కుంది. ఏమైందో చూద్దామని అతను గొట్టాన్ని కెమెరా పక్కన నిలబడ్డ మనిషి ముఖం వైపు తిప్పాడు. వేలు మీట మీదే ఉంది. "ఆపుండ్రి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అందరూ ఆగారు. దర్శకుడు నన్ను తిట్టాడు. షాటు చెడింది, వెలుతురు పోయింది. నేను వెళ్లి గొట్టాన్ని నేలకు దించి, తుపాకి తీసుకుని విప్పాను. లోపల ఒక తూటా పేలకుండా ఉంది.

చీకటి పడుతుండగా సార్ కోసం వెళ్లాను. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చున్నారు. లచ్చవ్వ చెయ్యి ఆయన మోచేతిని గట్టిగా పట్టుకునే ఉంది. కాల్పులు ఆగి చాలాసేపైనా వదల్లేదు.

ఆ తర్వాత ఆయన షూటింగులకు రావడం తగ్గించారు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఆ ఊరికి పోయేవారు. ఆమె క్షమించిందా అని ఒకసారి అడిగాను. "నేనడగలే బిడ్డ. అడుగుడు గుడ ఆమె మీద బరువే కదా. చాయ్ పోసింది, తాగిన. చింతపండు తియ్యుమంది, తీసిన" అన్నారు. గుండెపోటుతో పోయినప్పుడు ఆయన సొంతూరు బుగ్గారంలో, తనవాళ్ల సమాధుల పక్కనే పాతిపెట్టారు. లచ్చవ్వ కూతురిని తోడు తీసుకుని వచ్చింది. పిడికెడు మట్టి వేసి, కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ పనంతా నాదే. పోయిన వారం సిరిసిల్లలో ఒక వీధి దృశ్యం తీశారు. మైకు బండి తిరుగుతోంది కదా, మీరెందుకని నిర్మాత మనిషి విసుక్కున్నాడు. నేను నడిచాను. ఒక ఇంట్లో మగ్గం చప్పుడుకు నా పిలుపు వినబడలేదు. నేసే అతను చూసి మగ్గం ఆపేదాకా నిలబడి, చెప్పాను.

"జర ఆగక్కా. మా అమ్మ పండుకున్నది. ఉలిక్కిపడుతది. లేపి చెప్పొస్త" అన్నాడు.

"నిమ్మలంగ లేపు తమ్మీ" అన్నాను.

షూటింగు దగ్గర్నుంచి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. లోపల ఆ తల్లి లేచి, ఏందిరా అని అడిగి, కొడుకు చెప్పింది మొత్తం విని, సరే అనేదాకా నేను గడప దగ్గరే నిలబడ్డాను.