అందరికంటే బాగా ఊపిరి తీసుకునే అమ్మాయి

ఇంకా తేరుకోలేదు, అందుకే రాస్తున్నాను. నాకిప్పుడు ఎనిమిదో నెల, పుప్పాలగూడలో కాన్పు క్లాసులకు వెళ్తున్నాను. మా బ్యాచ్‌లో స్రవంతి అనే అమ్మాయి బాచుపల్లి నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వస్తుంది. ఒక్క క్లాసూ మానదు. నొప్పులప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో మా అందరికంటే ఆమెకే బాగా వచ్చు. ఈ రోజు క్లాసయ్యాక చాపలు చుడుతూ, "నీకింక నొప్పులంటే భయం లేదులే" అన్నాను.

"నాకు నొప్పులెక్కడియక్కా? గురువారం ఆపరేషను. మా మామ ముహూర్తం పెట్టించిండు."

"డాక్టరేమైనా ఇబ్బంది ఉందన్నారా?"

"లే, అంతా మంచిగనే ఉందన్నరు."

చాప చుట్టడం ఆపేశాను. "మరి ఇంత దూరం ఎందుకొస్తున్నావమ్మా?"

"ఈ గంటసేపన్నా నా కాన్పు నాదే అనిపిస్తదక్కా" అని నవ్వి, క్యాబ్ వచ్చిందని వెళ్లిపోయింది.

నేర్చుకున్న ఊపిరంతా గురువారం ఆ పిల్ల ఏం చేసుకోవాలి? ఆ మామగారిని ఒక్క పూట మా క్లాసులో చాప మీద కూర్చోబెట్టాలని ఉంది. ఆయన్ని లాక్కురావడానికి నాతో ఎవరెవరు వస్తారు?